సినిమాహాలు గోడ మీది ముప్ఫై ఏడు పొరలు

పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, దేవుడికి ఒక దండం పెట్టుకున్నాక తారీకుల తాత చేసే మొదటి పని ఒక్కటే. గుమ్మంలో కుర్చీ వేసుకుని, మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని, ముందురోజు వీధిలో తన చెవిన పడ్డ సినిమా పాటలన్నీ రాసుకునేవాడు. ఎవరు పాడారో, ఏం చేస్తూ పాడారో కూడా రాసేవాడు. "పాలాయన, సైకిలు తోస్తూ, చరణం మాత్రమే. పల్లవి మరిచిపోయినట్టున్నాడు." "ఎదురింటి కోడలు, బట్టలు ఆరేస్తూ, కొత్త పాట. అత్తగారు రాగానే ఆపేసింది."

ఆయన అసలు వృత్తి పుస్తకాల బైండింగు. ఒకే ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళు చేశాడు. చేతికొచ్చిన ప్రతి చరిత్ర పుస్తకాన్నీ అట్ట వేసేలోపే చదివేసేవాడు. అందుకే కొన్ని పుస్తకాలు ఆలస్యంగా వెళ్ళేవి, యజమాని చివాట్లు వేళకి వచ్చేవి. ఏ కోట ఎప్పుడు కట్టారో, ఏ యుద్ధం ఏ నెలలో ముగిసిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. తారీకుల తాత అన్న పేరు అలా వచ్చింది. సినిమాలంటే మాత్రం చులకన. భార్య ఎప్పుడైనా రమ్మంటే, "నువ్వెళ్ళిరా, నాకు శాసనాల పుస్తకం ఉంది" అనేవాడు. ఆవిడ పక్కింటావిడని తోడు తీసుకుని వెళ్ళొచ్చేది. ఒక్కరోజు కూడా నిష్ఠూరమాడలేదు.

ఆవిడ పోయిన ఏడాదికి, కూతురు కుట్టుమిషను తొక్కుతూ కూనిరాగం తీస్తుంటే విన్నాడు.

"బాగుందమ్మా ఆ పాట. ఎక్కడిది?"

మిషను ఆగింది. "అమ్మ రోజూ పాడేది కదా నాన్నా! నువ్వు ఎదురుగా కూర్చుని చదువుకుంటుంటే పాడేది. వెయ్యేళ్ళ కిందటి రాజుగారు ఏం చేశారో నీకు తెలుసు. ఇంట్లో మీ ఆవిడ ఏం పాడిందో తెలీదా?"

కూతురు నవ్వుతూనే అంది. మర్నాడే తాత నోటుపుస్తకం కొన్నాడు. రాజులకి రాళ్ళున్నాయి, చెక్కేవాళ్ళున్నారు. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని, సాయంత్రం ఓ మూడు గంటలు సినిమాహాలు చీకట్లో కూర్చుని నవ్వి, ఏడ్చి, తేలికపడి ఇంటికెళ్ళిన మనిషికి ఎవరున్నారు? ఆ మనిషి నవ్వు కూడా చరిత్రేనని డెబ్బై ఏళ్ళకి తెలుసుకున్నందుకు తాత సిగ్గుపడ్డాడు. ఇప్పటికైనా తెలిసినందుకు దేవుడికి ఇంకో దండం పెట్టాడు.

అలాంటి రోజుల్లో, వీధి చివర మూతపడి ఉన్న పాత సినిమాహాలుని పడగొడుతున్నారని కబురొచ్చింది. తాత చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఉన్నపళంగా వెళ్ళాడు. ఆయనకి కావలసింది హాలు కాదు. గేటు పక్క గోడ. దాని మీద ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి అంటించిన వాల్‌పోస్టర్లు గట్టిపడి పలకలా తయారయ్యాయి.

కూల్చే పని చేయిస్తున్న మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఈ చిత్తుకాగితాలు నీకెందుకు తాతా?"

"నువ్వీ హాల్లో సినిమా చూశావా నాయనా?"

"చూడకేం? పెళ్ళయ్యాక మా ఆవిడా నేనూ మొదట వచ్చింది ఇక్కడికే. సినిమా పేరు మాత్రం అడక్కు. నేను తెర వంక చూస్తేగా!"

కూలీలంతా గొల్లున నవ్వారు. తాత కూడా నవ్వి, "ఆ పేరు ఈ గోడలో ఎక్కడో ఉంటుందయ్యా" అన్నాడు.

మేస్త్రీ కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత కూలీల వైపు తిరిగి, "అటు కొస నుంచి మొదలెట్టండి. ఈ గోడ బుధవారం దాకా ముట్టుకోవద్దు" అన్నాడు. రెండు రోజులు కలిసొచ్చాయి.

తాత వెంటనే పనిలోకి దిగాడు, తప్పూ వెంటనే చేశాడు. బైండరు కదా, పాత పుస్తకం అట్ట ఊడదీసినట్టే వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి పై పోస్టరు మీద పరిచాడు. పుస్తకాల సిరా అయితే నీళ్ళకి కదలదు. ఇది చవక రంగు. గుడ్డ తీసేసరికి హీరోయిన్ బుగ్గల ఎరుపు మెడ మీదుగా కారి హీరో తెల్ల చొక్కాలో కలిసింది.

"మొత్తానికి ఆ అమ్మాయిని ఏడిపించావు!" అని వెనక నుంచి గొంతు వినిపించింది. జిగురాయన. ముప్ఫై ఏళ్ళు ఈ గోడ మీద పోస్టర్లు అంటించింది ఆయనే. హాలు మూతపడ్డాక బ్రష్షు ముట్టుకోలేదు. రోజూ ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని మూసిన గేటు చూస్తుంటాడు.

"నువ్వే చెప్పవయ్యా మరి, ఎలా తియ్యాలో" అన్నాడు తాత.

"తియ్యడం నాకేం తెలుసు? అంటించడమే తెలుసు. అయినా ఇటు రా, ఈ ఎడమ అంచు చూడు."

తాత వంగి చూశాడు. పోస్టర్ల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి. ఆఫీసు రిజిస్టర్లో పేర్లు అక్షరాల వరసన వెతకడానికి మెట్లుగా కత్తిరించిన అంచుల్లా.

"కొత్తది వేసేటప్పుడు పాతదాన్ని గోరంత బయటికి వదిలేవాణ్ణి. ముందు ఆడిన సినిమాని పూర్తిగా మింగెయ్యకూడదని నాకు పని నేర్పినాయన చెప్పాడు. పైగా ఈ గేటు పక్క చోటు అన్నిటికీ ఇచ్చేవాళ్ళం కాదు. జనం రెండోసారి, మూడోసారి వచ్చిన సినిమాకే."

తాత ఒక్కో మెట్టూ గోటితో తడుముతూ లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు. ఈ ఊరు మనసారా ఇష్టపడ్డవి ముప్ఫై ఏడు, వరసగా. ఏ పుస్తకంలోనూ లేని పట్టిక!

"ముందు నుంచి కాదయ్యా," అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. "వెనక నుంచి విప్పాలి. రంగు లేని వైపు తడపాలి. అన్నిటికన్నా పాతది మొదట రావాలి."

బుధవారం మేస్త్రీ తనే వచ్చి, సున్నం వెనక పలుచటి తాపీ జొనిపి, మొత్తం పలకని పెచ్చులతో సహా ఊడదీశాడు. హాలు తలుపు ఒకటి పడుకోబెట్టి దాని మీద పరిచి నలుగురు తాత ఇంటికి మోసుకొచ్చారు. ఎండ తగలకుండా టీకొట్టు ఆవిడ తన పరదా విప్పి కప్పింది. "సాయంత్రం తెచ్చివ్వు బాబాయ్, లేకపోతే నా బేరాలన్నీ మాడిపోతాయి" అంది. కూతురు బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసిచ్చి, తను నేల మీద చాప వేసుకుంది.

నాలుగు రోజులు తడిపి, ఆగి, విప్పి, ఒక్కొక్కటీ దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశారు. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు మరిచిపోయి దండెం కింద నిలబడిపోయేవాళ్ళు. ఒకావిడ తొమ్మిదో పోస్టరు దగ్గర ఆగి, "ఇది చూసొచ్చే మా నాన్న తాగుడు మానేశాడు" అంది. ఇంకొకాయన, "దీని టిక్కెట్ల లైన్లోనే నా చెప్పు తెగింది" అన్నాడు. తాత రెండూ రాసుకున్నాడు. మేస్త్రీ కూడా పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఇరవై రెండో దాని ముందు ఠక్కున ఆగి, "ఇదే!" అంది. "నేను మాత్రం సినిమా చూశాను, ఈయన సంగతి నాకు తెలీదు."

అయిదో రోజున చిక్కొచ్చి పడింది. ఆరిన కాగితాలు అంచుల దగ్గర చుట్టుకుపోయి, ముట్టుకుంటే చిట్లుతున్నాయి. గుడ్డ మీదికి ఎక్కించకపోతే వారంలో పొడే మిగిలేలా ఉంది. పల్చటి జిగురు, ఒక్క ముడత లేకుండా, ఒకే చేతి ఊపులో రాయాలి. తాతకి ఆ పని తెలుసు. చెయ్యే వణుకుతోంది. పాత గుడ్డ ముక్క మీద ప్రయత్నిస్తే బుడగలొచ్చాయి. కూతురు అది చూసి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

తాత లేచి టీకొట్టుకి నడిచాడు. జిగురాయన బల్ల మీద జరిగి చోటిచ్చాడు. హాలు ఉన్న చోట ఇప్పుడు ఉత్త ఆకాశం కనిపిస్తోంది.

"ఇన్నేళ్ళలో ఆఖరిది తప్ప నేను అంటించిందేదీ ఏడాది మించి పైకి కనపడలేదు తెలుసా?" అన్నాడు జిగురాయన. "నా పనే అంత. మొన్న మీ ఇంట్లో దండెం మీద అన్నీ ఒక్కసారి చూసేసరికి ఏదోలా అయింది."

తాత వణికే చెయ్యి తీసి ఆయన చేతి మీద వేశాడు.

"నాకొక సాయం చేసిపెట్టాలయ్యా. గుడ్డ మా అమ్మాయి కత్తిరించి ఉంచింది. జిగురు నేను కాస్తాను, అదైతే చేతనవును. రేపు పొద్దున వచ్చి ఆ ముప్ఫై ఏడూ నువ్వే అంటించు. బ్రష్షు నీదే తెచ్చుకో, నాది వెంట్రుకలు రాలుస్తోంది."