అన్న చెప్పే బాపు

మా చిన్నప్పుడు... దీపావళి అయిన వెంటనే సదర్. దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే పండుగ. ఆ పొద్దున జహనుమా బస్తీలో మా పాల దొడ్డి అంతా ఆముదం వాసన. మేం బాపు అని పిలిచే నాన్న మా దున్నపోతు ఒంటికి నూనె రుద్ది నిగనిగలాడించేవాడు. మెడకు గవ్వల పట్టెడ, కొమ్ములకు బంతిపూలు...

ఒక ఏడు అన్నను ఎత్తి దాని వీపు మీద కూర్చోబెట్టాడు. "గట్టిగ పట్టుకో బిడ్డా, నేనున్న గదా" అన్నాడు. బస్తీ అంతా చూసింది.

దానికి కాస్త ముందే, చేతులకు మిగిలిన నూనెను బాపు నా తలకు రాశాడు. రాస్తూ నాకూ ఏదో చెప్పాడు. పక్కనున్న పాలవాళ్లంతా పడీపడీ నవ్వారు.

మరుసటి సదర్‌కు బాపు లేడు.

అప్పటినుంచి ప్రతి పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, బాపు పేరున బియ్యం ఇచ్చి తినడానికి కూర్చోగానే, అన్న ఆ దున్నపోతు ముచ్చట ఎత్తుకుంటాడు. అమ్మ కళ్లు ఒత్తుకుంటుంది. చుట్టాలు మళ్లీ చెప్పించుకుంటారు. మొదట్లో నాదీ చెప్పబోయేవాణ్ణి... ఆగురా, పెద్దోణ్ణి చెప్పనీ అనేవారు.

రోజూ నూనె పెట్టే దున్న మెరుస్తుంది. మూలకు కట్టేసిన దాని తోలు తెల్లబారుతుంది. జ్ఞాపకమూ అంతే. ఇప్పుడు కళ్లు మూసుకుంటే బాపు చేతులు నా తల మీదే ఉంటాయి... నోరు తెరిస్తే మాత్రం అన్నకు చెప్పిన మాటే వస్తుంది. నాకు చెప్పింది రాదు. కడుపు మండదా?

మొన్న పెత్రమాసకు ఓర్వలేక అడిగేశాను. "అన్నా, గా దున్నపోతు ముచ్చట బంజెయ్. బాపుది ఇంకోటి చెప్పు."

అన్న చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది.

"ఇంకోటి యాదికొస్తలేదురా... మస్తుగ ఉండె. ఏడ వోయినయో."

జాలి పడాల్సింది. పడలేదు. ఇనుము చెక్కే లేతు మిషన్ దగ్గర నిలబడి బతికేవాణ్ణి, మెత్తగా రాయడం నాకు చేతకాదు. ఆయనకు ఒక్కటైనా మిగిలింది, బాపు మాటతో సహా. నాకు మిగిలింది పక్కవాళ్ల నవ్వు.

ఇప్పుడు ఆ దొడ్డి లేదు. నవ్విన పాలవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. బాపు ఏమన్నాడో అడుగుదామంటే ఒక్కరూ దొరకరు...

మీ ఇంట్లో ఎవరూ అడగని ముచ్చట మీకూ ఒకటి ఉంటే ఇక్కడ చెప్పండి. మీ అన్న తనది మొదలుపెట్టకముందే చెప్పండి.