పడవవాడి కొడుకు ఎవరి కొడుకు

ఆ రోజుల్లో కథ నెలకొకసారి వచ్చేది. తక్కిన రోజులన్నీ దాని గురించి పోట్లాడుకోవడానికే ఉండేవి. ఆగిన చోటి నుంచి మళ్లీ నెల దాకా కాచుకోవడమంటే ఇప్పటివాళ్లకు శిక్షలా తోచవచ్చు గాని, మాకు ఆ కాచుకోవడంలోనే సగం కథ ఉండేది. అట్లాంటి ఒక నెలలో నేను చేసిన పాడుపని ఒకటుంది. దాన్ని తలచుకుంటే నవ్వూ వస్తుంది, తల కూడా వంగుతుంది. అంత జరిగాక కూడా నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని వేడి బెల్లం చేతిలో పెట్టిన మనుషులకు ఋణపడి ఉన్నాను కనుక, ఇంతకాలానికైనా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను.

మాది రెంజల్ దగ్గర పల్లె. మా చెరుకు చాలావరకు బండ్ల మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేది, మిగిలింది మా గానుగలోనే బెల్లమయ్యేది. నేను ఆ ఏడే మెట్రిక్ తప్పి ఇంటికి చేరాను. (ఒక్క లెక్కల్లోనే తప్పానని అందరికీ చెప్పేవాణ్ణి. మూడింటిలో తప్పాను.) ఊళ్లో నాకు మిగిలిన గౌరవమల్లా ఒక్కటే, గానుగ దగ్గర చదువురానివాళ్లకు పత్రిక చదివి వినిపించడం. నిజామాబాదులో ఉండే మా మేనమామ నెలనెలా ఒక పిల్లల పత్రిక పంపేవాడు. అందులో ‘ఏడు గవ్వల కత్తి’ అనే జానపద సీరియల్ వచ్చేది. నీలాంకుడనే వీరుణ్ణి ఒక పడవవాడు పెంచి పెద్దచేస్తాడు. వాడి అసలు తండ్రి ఎవరన్నది రచయిత ఏడాదిన్నరగా చెప్పకుండా మమ్మల్ని చంపుకు తింటున్నాడు.

వినేవాళ్లలో పెద్దవాడు పాకం తాత. పెద్ద పెనం ముందు నిలబడి, బెండ జిగురు పోసి మడ్డి తీసి, రసం ఏ క్షణాన బెల్లమవుతుందో బుడగ చూసి చెప్పే మనిషి. ఆయన మీసాలు చెవుల దాకా పోయేవి. ఆయన చేతిలో ఒక్క పెనమైనా మాడిందని ఎవరూ విని ఎరుగరు. గానుగ ఎద్దుల్ని తోలేవాడు ఆయన పెంచిన కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మూడేళ్ల వయసులో బోధన్ వారపు అంగడిలో తప్పిపోయి ఏడుస్తుంటే తాతకు దొరికాడు. అందుకే ఊరంతా వాణ్ణి అంగడన్న అనేది. తాత నాలుగు వారాలు ప్రతి అంగడికీ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దొరికిన చోటే కూర్చున్నాడట. ఎవరూ రాకపోతే ఇంటికి తెచ్చుకుని పెంచుకున్నాడట.

నీలాంకుడి తండ్రి మీద గానుగ దగ్గర ఎన్ని నోళ్లో అన్ని మాటలు. మా బాపుది ఒకటే పట్టు: “మంత్రి కొడుకే. ఇన్ని దినాలు నోరు మూసుకొని ఉండుడు మంత్రితోనే అయితది.” మా అవ్వకు, అంటే అమ్మకు, ఈ తగువే నచ్చేది కాదు. “ఎంతసేపూ తండ్రి, తండ్రి! కన్నతల్లి యాడున్నదని ఒక్కడన్న అడుగుతడేమో అని సూస్తున్న,” అనేది. నా సిద్ధాంతం మాత్రం గొప్ప పరిశోధన మీద నిలబడింది. నీలాంకుడు కత్తిని ఎడమచేత్తో పడతాడు, నల్లకొండ మాంత్రికుడు మంత్రదండాన్ని ఎడమచేత్తో పడతాడు. మొగలిపూల వాసన తగిలితే ఇద్దరికీ తుమ్ములొస్తాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నీలాంకుడు మాంత్రికుడి కొడుకు!

“కాదు చిన్న పటేలా,” అనేవాడు తాత, పెనం మీంచి చూపు తీయకుండా. “పడవోడే వాని తండ్రి.”

“ఎట్ల తాతా? పడవోడు నల్లగ ఉంటడు, నీలాంకుడు పచ్చగ మెరుస్తడు. కథల రాసే ఉన్నది.”

“నువ్వు గీ పొయ్యి కాడ నలబై ఏండ్లు నిలవడు. నీ పచ్చదనం గూడ సూస్త.”

అందరూ నవ్వారు. అంగడన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. మెట్రిక్ తప్పినవాడికి నవ్వులు ఊరికే గుచ్చుకుంటాయి. రోషంతో లేచి, “మీసం పందెం! ఓడినోడు మీసం తీసెయ్యాలె,” అన్నాను. నా పైపెదవి మీద అప్పటికి పదహారు వెంట్రుకలుండేవి. (అద్దంలో రోజూ లెక్కపెట్టేవాణ్ణి.) తాత తన మీసాన్ని ఒకసారి దువ్వి, “సరే తియ్యి,” అన్నాడు.

తరువాతి నెల పత్రిక వచ్చింది. ముందుగా చదువుకునే ఓపిక లేక అందరి ముందే విప్పాను. నాలుగు వాక్యాలు చదివేసరికి నా కళ్లు కింది పంక్తుల మీదికి పోయాయి. నీలాంకుడు వరదలో కొట్టుకుపోయిన రాజకుమారుడు. రాజు వచ్చి వాణ్ణి కావలించుకుంటున్నాడు. మాంత్రికుడికీ వాడికీ ఏ సంబంధమూ లేదు. తుమ్ములకు అర్థమే లేదు! పుస్తకం మూసి “ఓడిపోయిన” అని ఉంటే సరిపోయేది. పదహారు వెంట్రుకలు పోయేవి, అంతే. కాని నా నోరు ఆగలేదు. చూపు పత్రిక మీద పెట్టి, లేనిది చదవడం మొదలుపెట్టాను. మాంత్రికుడి కొడుకు ఏటి ఒడ్డున ఇసుకలో పిట్టగూళ్లు కట్టుకుంటూ ఆడుతుంటే, పిల్లలు లేని పడవవాడు వాణ్ణి దొంగతనంగా ఎత్తుకుని, తండ్రి కేక వేస్తున్నా వినిపించుకోకుండా పడవ తోసుకుని పారిపోయాడని చదివాను.

అంగడన్న నా భుజం మీంచి తొంగి చూశాడు. “గీ బొమ్మల కిరీటం పెట్టుకున్నాయన ఎవలు?”

“మాంత్రికుడే. వేషం మార్చిండు.”

తాత తెడ్డు తిప్పుతూనే అడిగాడు. “అంటే పడవోడు దొంగనా, పటేలా?”

“అచ్చుల ఉన్నది తాతా.”

“అచ్చుల ఉంటె ఇగ ఏమంటం,” అన్నాడాయన.

ఆ సోమవారమే చెరుకు బండి మీద బోధన్ పోయి, మీసం నున్నగా గీకించుకుని వచ్చాడు. ఆయన గడపలోకి రాగానే మా అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, “ఎవలో కొత్తాయన వచ్చిండు, మంచం వాల్చుండ్రి!” అంది. బాపు నవ్వలేక దగ్గాడు. నేను రెండు రోజులు ఊరంతా తలెత్తుకుని తిరిగాను. (ఆ రెండు రోజుల్ని నా ఆయుష్షులోంచి ఎవరైనా తీసేస్తామంటే ఇప్పటికీ సిద్ధమే.)

మూడోనాటికి అంగడన్న తాతతో కలిసి తినడం మానేశాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో జొన్న గటక కలుపుకునేవాళ్లు. ఇప్పుడు వాడు గడ్డివాము వెనక కూర్చుని తింటున్నాడు. ఒక ఉదయం నేను పొయ్యిలోకి చెరుకు పిప్పి మోపు తెస్తుంటే పెనం దగ్గర వాడి మాట వినిపించింది.

“బాపు, నువ్వు నిజంగనే నాలుగు అంగళ్లు కూసున్నవా? నా కోసం ఎవ్వలు రాలేదా? నిజంగనే?”

తాత తెడ్డు అందుకుని, “పాకం సూడనియ్యి బిడ్డా,” అన్నాడు. చూడలేదు. ఆ రోజు పెనం మాడింది. తారులా నల్లబడ్డ బెల్లం ముందు ఆయన మీసం లేని ముఖంతో నిలబడి ఉంటే, మా బాపే వంగి పొయ్యిలో మంట లాగేశాడు. నేను చదివిన కట్టుకథ ఎవరి ఇంట్లో పడిందో నాకప్పుడు తెలిసింది. నేను కాపాడుకున్నది పదహారు వెంట్రుకల్ని. దానికోసం ఒక కొడుకు తన తండ్రిని అనుమానించేలా చేశాను. తెలిసి కూడా మోపు కింద పడేసి ఇంటికి పోయాను. నిజం చెప్పే ధైర్యం రాలేదు.

మరునాడు అంగడన్నే మా ఇంటికి వచ్చాడు. “పటేలా, పడవోని ముచ్చట మల్లొక్కసారి సదువు,” అన్నాడు. తప్పించుకోలేక పత్రిక తీసి చదివాను. మధ్యలోనే చెయ్యి ఎత్తి ఆపాడు.

“మొన్న ఇసుకల పిట్టగూళ్లు కట్టుకుంట ఆడుతున్నడన్నవ్. ఇయ్యాల చెట్టు కింద పండుకున్నడంటున్నవ్. మొన్న తండ్రి ఒర్రిండన్నవ్. ఇయ్యాల తండ్రి అక్కడ లేనే లేడంటున్నవ్. పుస్తకం గిట్ల ఎట్ల మారుతదే?”

నేను పట్టుబడింది ఇక్కడే. చదవడం వచ్చినవాడికి, కావాలంటే మళ్లీ చూసుకోవచ్చులే అన్న ధీమా ఉంటుంది, అందుకని మరిచిపోతాడు. చదవడం రానివాడు విన్నది విన్నట్టు, మాటకు మాట దాచుకుంటాడు. నేను అల్లిన వాక్యాలు నాకే గుర్తులేవు, వాడికి ఒక్కటీ పోలేదు.

“అన్నా, నేను అబద్ధం సదివిన,” అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా మణికట్టు పట్టుకుని గానుగ దాకా తీసుకుపోయి, పెనం ముందు నిలబెట్టి, “సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు,” అన్నాడు.

చదివాను. రాజు తన బిడ్డను ఎందుకు దాచావని నిలదీస్తే పడవవాడు చెప్పిన జవాబు దాకా వచ్చాను. ‘దాచలేదు మహారాజా. ఏడాది పాటు ఈ రేవు దాటిన ప్రతి పడవనూ ఆపి, ఈ బిడ్డ ఎవరిదని అడిగాను.’

తాత తెడ్డు ఆపకుండానే, ఎవరితోనూ కాకుండా పొయ్యితోనే చెబుతున్నట్టు అన్నాడు. “నేను గూడ అడిగిన. బండి పోతె బండి ఆపిన. మరాఠోళ్ల బండ్లను గూడ ఆపిన. నాకు వాళ్ల మాట రాదాయె. పోరన్ని రెండు చేతుల మీద లేపి సూపిచ్చిన. వాళ్లు సూసి, తల అడ్డంగ ఊపి పోయిండ్రు.”

అంగడన్న వచ్చి తెడ్డు అందుకున్నాడు. “నువ్వు కూసో బాపు. నేను తిప్పుత.”

అప్పుడు నేను, “తాతా, తప్పయింది. నా మీసం తీసేస్త,” అన్నాను ఏడుపు గొంతుతో. వెనక నుంచి మా అవ్వ, “ముందుగాల రానియ్యిరా, అటెన్క తీస్తువు,” అంది. తాత నవ్వాడు. మీసం లేకుండా ఆయన నవ్వు పూర్తిగా కనబడడం అదే మొదటిసారి. “నేను గూడ ఓడిపోతి గదా పటేలా. తండ్రి రాజేనంట. నేను గీకిచ్చుకున్నది సక్కగనే ఉన్నది,” అని, పెనం అంచు మీది వేడి బెల్లం ఆకులో పెట్టి నా చేతికిచ్చాడు.

అంగడన్న మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. “ఇగ నీ నోటి మీద నమ్మకం పోయింది. నాకు అచ్చరాలు నేర్పు, నేనే సదువుకుంట,” అన్నాడు. నాలుగు నెలలు, ఎద్దుల వెనక నడుస్తూ నేర్పాను. ఒత్తుల దగ్గర నన్ను తిట్టేవాడు, నేనే కనిపెట్టినట్టు. తరువాత నేను నిజామాబాదులో ముప్ఫై ఏళ్లు చదువురానివాళ్లకు వాళ్ల ఉత్తరాలూ కాగితాలూ చదివిపెట్టే పనే చేశాను. ఉన్నదాంట్లో ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట చేర్చలేదు. నా మంచితనమేమీ కాదు. ఎదురుగా కూర్చుని వినే ప్రతి ముఖంలో అంగడన్న కనబడేవాడు.

సీరియల్ చివరి భాగం అంగడన్నే చదివాడు. వేలితో అక్షరం అక్షరం తోసుకుంటూ, ఒక పెనం దిగేంతసేపు చదివాడు. పట్టాభిషేకం వచ్చింది. నీలాంకుడు సింహాసనం పక్కన రెండు పీటలు వేయించి, కన్న తండ్రిని ఒకదాని మీద, పడవవాణ్ణి ఒకదాని మీద కూర్చోబెట్టి, ముందుగా పడవవాడి కాళ్లకే మొక్కాడని చదివాడు. తాత కండువాతో కళ్లు తుడుచుకుంటూ పొగను తిట్టాడు.

పడవవాడి కాళ్లకు మొక్కిన ఆ చివరి వాక్యం చదివేటప్పుడు అంగడన్న వేలు పత్రిక మీద కదలలేదు. నేను చూశాను. ఆ సంచిక చాలా ఏళ్లు మా ఇంట్లోనే, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ప్రతి కాగితాన్నీ ఉన్నది ఉన్నట్టు చదివే మనిషినని పేరు తెచ్చుకున్న నేను, ఆ ఒక్క పేజీని మాత్రం ఈనాటికీ విప్పి చూడలేదు.