టీవీలో చదివిన నా కార్డుముక్క

మొన్న ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి మా తమ్ముడు నా ఫోనుకి ఒక వీడియో పంపి, వెంటనే ఫోను చేసి, మన పాత కోర్టు సీరియల్‌ని ఎవరో నెట్‌లో పెట్టారనీ, నా ఉత్తరం చదివిన భాగం కూడా అందులో ఉందనీ సంబరపడిపోతూ చెప్పాడు. వాడి సంతోషం మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక చూస్తానన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని తెరిచాను గాని, బొమ్మ కదలకముందే దాని కింద జనం రాసిన అభిప్రాయాల మీద కన్ను పడింది. ఇంత మంచి సీరియల్ని అర్ధాంతరంగా ఎందుకు ఆపేశారో అని ఒకరు, ఇప్పటి చెత్త చూస్తుంటే ఆ రోజులే బంగారం అని ఇంకొకరు, ఆవిడ మొహం చూస్తేనే తెలియడం లేదా మొగుణ్ణి తనే తోసేసిందని, అని మరొకరు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను.

ఆ సీరియల్ మన ఈడు వాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం వార్తలవగానే వచ్చేది. మేడ మీంచి పడి భర్త చనిపోతాడు, భార్యే తోసేసిందని కేసు, ఆవిడ బోనులో నిలబడి ఉంటుంది, వారానికో సాక్షి వస్తాడు. అందులో వకీళ్ళు ఒకరి మీద ఒకరు కేకలు వేసుకునేవారు, జడ్జిగారు చెక్క సుత్తితో బల్లని దబదబా బాదేవారు. మా ప్రాంతపు కోర్టుల్లో సుత్తి పట్టుకున్న జడ్జిని నేనెన్నడూ చూడలేదు. అసలు కోర్టంటే ఏమిటో నాకు బాగానే తెలుసు. టెక్కలిలో ఒక క్రిమినల్ వకీలు గారి దగ్గర అప్పటికి ఆరేళ్ళుగా టైపిస్టుగా పనిచేస్తున్నాను. పొద్దున్నే పలాసలో బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం వరకూ వాంగ్మూలాలూ దరఖాస్తులూ టైపు కొట్టి, చీకటి పడే వేళకి ఇంటికి వచ్చేదాన్ని. కోర్టులో ఎవరూ కేకలు వేయరు. ఎక్కువ భాగం ఎదురుచూపే. తెలిసి కూడా శుక్రవారమయ్యేసరికి అందరికంటే ముందు టీవీ ఎదురుగా చాప వేసేది నేనే.

ఆ వకీలు గారి ఆఫీసులోనే నాకు వదినతో పరిచయం అయింది. చుట్టరికం ఏమీ లేదు, వయసులో నాకంటే కాస్త పెద్దదని వదినా అని పిలిచేదాన్ని. ఉద్దానంలో కొబ్బరి తోటలున్న కుటుంబపు కోడలు. ఒకనాటి తెల్లవారుజామున తోటకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన ఆమె భర్త, పొద్దెక్కేసరికి నేలబావిలో శవమై కనిపించాడు. ఆయనకి చిన్నప్పటినుంచీ మూర్ఛ ఉంది. ఆ సంగతి ఊరంతటికీ తెలిసినా, తోట పంచుకోవలసిన మరుదులు మాత్రం ఆమే తోసేసిందని ఫిర్యాదు ఇచ్చారు. ఆమె కొన్నాళ్ళు జైల్లో ఉండి, బెయిలు మీద బయటికి వచ్చి, మూడేళ్ళు వాయిదాలకి తిరిగింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నా వేళ్ళ మీదుగానే కాగితం మీదికి వెళ్ళింది. మరుదుల తరఫు సాక్షులందరూ ఒక్క విషయాన్నే పట్టుకుని వేలాడారు. శవం వాకిట్లో ఉండగా ఈమె పొయ్యి వెలిగించి అన్నం వండింది, ఇది మొగుడు పోయిన ఆడది చేసే పనేనా, అని. నాలుగేళ్ళ పిల్ల ఆకలికి ఏడుస్తోందని వండానని ఆమె చెప్పింది. జడ్జిగారు ఆమెని నిర్దోషిగా వదిలేస్తూ, తల్లి బిడ్డకి అన్నం వండడం నేరానికి సాక్ష్యం కాదని తీర్పులో ప్రత్యేకంగా రాశారు.

తీర్పు వచ్చినా అత్తవారి ఊళ్ళో ఆమెని ఎవరూ గుమ్మం తొక్కనివ్వలేదు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని దొరుకుతుందనీ, మా పెరటి గది ఖాళీగానే ఉందనీ చెప్పి తీసుకొచ్చింది నేనే. ఈ కేసు సంగతి మా వీధిలో ఎవరికీ చెప్పవద్దని ఆమె నా చేయి పట్టుకుని అడిగింది. చెప్పనన్నాను. మా అత్తగారికి కూడా, భర్త నీళ్ళలో పడి పోయాడని మాత్రమే చెప్పాను. పగలంతా పనికి వెళ్ళి, జీడి సొనకి నల్లబడ్డ వేళ్ళతో వచ్చి, పిల్లకి తల దువ్వి, రెండు మెతుకులు తిని పడుకునేది. ఏడాది గడిచేసరికి కాస్త నవ్వడం కూడా మొదలుపెట్టింది.

మా వీధిలో అప్పటికి రంగుల టీవీ మా ఇంట్లోనే ఉండేది. శుక్రవారం ముందు గది నిండిపోయేది. వదిన కూడా వచ్చేది గాని లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ చూసేది. ఆ గదిలో మేమంతా మాట్లాడిన మాటలు ఇప్పుడు తలుచుకుంటే నాకు రోతగా ఉంటుంది. బోనులో ఉన్నావిడ తల ఎత్తితే పొగరన్నాం, దించితే తప్పు చేసింది గనకే దించిందన్నాం. ఒకసారి ఆవిడ వకీలుతో ఏదో మాట్లాడుతూ చిన్నగా నవ్వింది. అంతే, మా అత్తగారు చేతిలోని విసనకర్ర ఆపి, “సూడు సూడు, ఎలాగ నవ్వుతందో! మొగుడు పోయిన ఆడది అలాగ నవ్వుతాదేటి?” అన్నారు. గదిలో అందరూ ఔనంటే ఔనన్నారు. నేనూ అన్నాను. గడప దగ్గర చేట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వినబడింది.

నాలుగో వారమో అయిదో వారమో టీవీ వాళ్ళు ఒక ప్రకటన చేశారు. ఈమె దోషా, నిర్దోషా, మీ అభిప్రాయం కార్డు మీద రాసి పంపండి, బాగా రాసినవాళ్ళ ఉత్తరాలు పేరూ ఊరూ చెప్పి చదువుతాం, అని. అది వినగానే నాలో ఏదో పురుగు దొలిచింది. రోజూ ఇంకొకరి మాటలు టైపు కొట్టడమే తప్ప నా మాట అంటూ ఎక్కడా అచ్చయింది లేదు. నాకు రాయడం వచ్చుననీ, నేను రాస్తే ఎవరైనా చదవక మానరనీ నాకొక నమ్మకం ఉండేది. మా ఆయన కూడా, నువ్వు కోర్టు మనిషివి కదా, నీ ముందు ఎవరు నిలుస్తారు, అని ఎగదోశాడు.

మూడు కార్డులు పాడుచేశాను. మామూలుగా రాస్తే వేలమంది రాసినట్టే ఉంటుంది. ఎవరికీ తెలియని ముక్క ఒకటి పడాలి. అలా వెతుక్కుంటూ ఉంటే నా చేతికి ఏది దొరికిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. భర్త శవం వాకిట్లో ఉండగా పొయ్యి వెలిగించి అన్నం వండుకున్న స్త్రీని నేను ఎరుగుదును, అలాంటి వారి కళ్ళలో తడి ఉండదు, ఈమె కళ్ళలోనూ లేదు, కనుక ఈమె దోషి, అని రాశాను. ఆ వండిన అన్నం ఎవరి కోసమో నాకు తెలుసు. ఆ మాట జడ్జిగారు ఏమని కొట్టేశారో కూడా తెలుసు. పేరు రాయలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే, అనుకున్నాను. వాక్యం బాగా వచ్చిందని రెండుసార్లు పైకి చదువుకుని మరీ మురిసిపోయాను.

రెండు వారాల తర్వాత ఆ కార్డు చదివారు. చీర కట్టుకున్న ఒక అమ్మాయి కెమెరా వైపు చూస్తూ నా పేరు, పలాస అని మా ఊరి పేరు చెప్పగానే మా గదంతా కేక పెట్టింది. ఎవరో నా వీపు తట్టారు. తర్వాత ఆ అమ్మాయి నా వాక్యాలు ఒక్కొక్కటీ ఒత్తి ఒత్తి చదివింది. చప్పట్లు ఇంకా ఆగలేదు, గడప దగ్గర వదిన లేచి నిలబడింది. ఒడిలోని చేట జారి బియ్యం నేల పాలయ్యాయి. ఆమె ఎవరి వైపూ చూడకుండా టీవీతోనే చెబుతున్నట్టు, “నాను తిననేదు. గుంటకి ఆకలేసింది, వండినాను. నాను తిననేదు” అంది.

మా అత్తగారు ముందుకి వంగి, “ఏటే, ఏటంతన్నావు?” అని అడిగారు. వదిన అప్పుడు నా వైపు తిరిగింది. కోపంగా చూసి ఉంటే ఎంత బాగుండేదో. నేను ఏమైనా అంటానేమోనని ఆశగా చూసింది. నేను టీవీ వైపు చూశాను.

మిగిలింది వీధి వాళ్ళు తామే అల్లుకున్నారు. మర్నాటికి మా ఆయన, ఇలాంటి మనిషిని ఇంట్లో ఎందుకు పెట్టావని నన్నే నిలదీశాడు. కోర్టు వదిలేసిందని చెప్పాను. డబ్బున్నవాళ్ళకి కోర్టులు ఏదైనా చేస్తాయి అన్నాడు, పొట్టు తీసుకుని బతికే మనిషి గురించి. పని దగ్గర పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమె క్యారేజీకి దూరంగా జరిగారట. బళ్ళో పిల్లని, మీ అమ్మ మీ నాన్నని తోసేసిందటే అని ఎవరో అడిగారు. వారం తిరక్కుండా వదిన ట్రంకు పెట్టె తలకెత్తుకుని పిల్ల చెయ్యి పట్టుకుని, నందిగాం దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గది శుభ్రంగా ఊడ్చి, అలికింది.

ఆ తర్వాత మూడు వారాలకే సీరియల్ ఆపేశారు. ప్రకటనలు రాలేదన్నారు, నిర్మాతకి ఛానెల్‌తో తగువన్నారు. బోనులో ఉన్నావిడకి తీర్పు చెప్పనే లేదు. ఆ శుక్రవారం దాని స్థానంలో వంటల కార్యక్రమం వచ్చింది. మా గదిలోని వాళ్ళు కాసేపు విసుక్కుని, తర్వాత కొబ్బరి పచ్చడిలో చింతపండు వేయాలా వద్దా అని వాదించుకున్నారు.

నాకు నందిగాం వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది. తోటలో జీడిపిక్కలు ఏరుతున్న వదిన నన్ను చూసి నడుం నిటారు చేసింది. క్షమించమన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ నా గురించే. అంతా విని, “నువ్వు టైపు కొట్టినావు గదమ్మా. నీకు తెలుసు గదా” అంది. తర్వాత, ఇక్కడ కూడా అందరూ ఆ టీవీ చూశారనీ, పలాస నుంచి ఎందుకు వచ్చేసిందో తెలిసిపోయిందనీ, వాళ్ళక్క మావగారు ఇంట్లో ఉండనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారనీ చెప్పింది. “ఆ తీర్పు కాయితం నకలు తెచ్చియ్యి. నా కాడున్నది పలాసలో తడిసిపోనాది. నువ్వే చదివి ఇనిపించు” అంది.

వకీలు గారి చేత దరఖాస్తు పెట్టించి, నకలు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో నులకమంచం మీద ఆ మావగారు, పెద్దాయన, కూర్చున్నాడు. చుట్టూ ఇంటివాళ్ళూ, ఇరుగుపొరుగులూ ఓ పదిపదిహేను మంది. తీర్పు ఇంగ్లీషులో ఉంది గనక ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. మూర్ఛ గురించి డాక్టరు చెప్పింది, మరుదులు మాట మార్చింది, అన్నం గురించి జడ్జిగారు రాసింది, అన్నీ. గంటకి పైగా పట్టింది. ఎవరూ మధ్యలో లేవలేదు. చివరికి పెద్దాయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, “ఇదంతా బాగానే ఉంది గాని, మరి టీవీల ఎందుకలాగ సెప్పినారు? ఎవులో కళ్ళారా సూసినట్టే రాసినారు గదా!” అన్నాడు.

వదిన నేల వైపు చూస్తోంది. టీవీలో విన్న ఆ పేరు నాదేనని ఆమె వాళ్ళకి చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది.

“అది రాసింది నేనే” అన్నాను. అబద్ధమా, అని అడిగాడు. అబద్ధమేనన్నాను. ఎందుకు రాశావమ్మా, అన్నాడు. టీవీలో నా పేరు వినాలని, అన్నాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఆ క్షణంలో ఎంతగానో వెతుక్కున్నాను. లేదు. ఒక ముసలమ్మ తుపుక్కున పక్కకి ఉమ్మింది. అది నా మీదనే అని నాకు అర్థమైంది, న్యాయమే అనిపించింది. పెద్దాయన కాగితాలు అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా ఒక్కో పుట తిప్పి చూసి, మడిచి, కోడలికి ఇచ్చి, పెట్టెలో దాచమన్నాడు.

వదిన అక్కడే ఉండిపోయింది. పిల్ల టెక్కలిలో చదువుకుని నర్సయిందని తర్వాత విన్నాను. నాతో మళ్ళీ రాకపోకలు పెట్టుకోలేదు. ఒకసారి టెక్కలి బస్‌స్టాండులో ఎదురై, బాగున్నావా అమ్మా అని అడిగి, బస్సు కదులుతుంటే ఎక్కి వెళ్ళిపోయింది. నేను మరో ఉత్తరం ఎక్కడికీ రాయలేదు. మా ఇంట్లో మాత్రం ఆ కార్డు చదివిన ముచ్చట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. కథంతా తెలిసిన మా తమ్ముడు కూడా ఇప్పుడు పేరు వినబడిన సంబరమే గుర్తుపెట్టుకున్నాడు.

ఈ కాలపు పిల్లలు ఎవరి మీద పడితే వారి మీద ఫోనులో ఇంతేసి మాటలు రాసేస్తారని మన ఈడు వాళ్ళం కూర్చుంటే తిట్టుకుంటూ ఉంటాం. మన రోజుల్లో ఇలా లేదంటాం. వాళ్ళకి బొటనవేలు కదిపినంత సేపట్లో అయిపోతుంది, వెనక్కి తీసుకుందామనుకునేలోపు వెయ్యిమంది చూసేస్తారు. నేను కార్డు కొని, మూడుసార్లు చింపి రాసి, ఒక రాత్రంతా చేతిసంచీలో ఉంచుకుని, మర్నాడు టెక్కలి బస్‌స్టాండు దగ్గర డబ్బాలో వేశాను. ఆలోచించుకోవడానికి నాకు బోలెడంత సమయం దొరికింది.