భూమవ్వ పదకొండు పాటలు

2012 డిసెంబరు 4, మంగళవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు రాజమణి కామారెడ్డిలోని మా టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నా దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉంది. ఏ రోజు ఏ కంప్యూటర్‌లో ఏం మార్చాను, మార్చాక ఏం పాడైంది, అన్నీ అందులో రాస్తాను. ఆ రోజు పేజీ ఇప్పుడు నా ముందే ఉంది.

ఇన్‌స్టిట్యూట్ 1979లో పెట్టాను. ముప్పై ఏళ్లు టైపు మిషన్లే నడిపాను. ఏ అక్షరం ఇరుక్కున్నా మెకానిక్ కోసం ఆగకుండా నేనే మిషన్ విప్పేదాన్ని. 2009లో ఆరు పాత కంప్యూటర్లు కొని వాటిలో లినక్స్ వేశాను. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, లోపల ఎలా రాశారో చదివి, తమకు కావలసినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేర్. విప్పి చూడవచ్చు అన్న మాట దగ్గరే నేను దొరికిపోయాను. అరవై ఏళ్ల వయసులో పట్టుకున్న ఈ పిచ్చి నన్ను ఒక్క పూట కూడా కుదురుగా కూర్చోనివ్వలేదు. తెలుగు ఒత్తులు తెర మీద విరిగి కనిపిస్తే వారం రోజులు ఫాంటు ఫైళ్లు తిరగేసేదాన్ని. అవి బాగుపడిన మర్నాడు ప్రింటర్ జోలికి వెళ్లేదాన్ని. నడుస్తున్నదాన్ని నడవనివ్వడం నాకు చేతకాదు.

రాజమణిది లింగంపేట దగ్గరి ఊరు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇంట్లో బీడీలు చుడుతుంది, నాట్ల కాలంలో పొలానికి పోతుంది.

"పోయిన ఫొటోలు తీసిచ్చే టీచరమ్మవు నువ్వేనా?" అంది.

"కొన్ని వస్తాయి, కొన్ని రావు. ఏం పోయింది బిడ్డా?"

కొంగు ముడి విప్పి గోరంత మెమరీ కార్డు నా బల్ల మీద పెట్టింది. "మా అమ్మ పాటలు పోయినయి."

వాళ్లమ్మ భూమవ్వ నలభై ఏళ్లు నాట్ల గుంపుకు పెద్ద. ఆమె పాట ఎత్తుకుంటే తక్కిన ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆ పాట వేగమే నాటు వేగం. రెండేళ్ల కింద రాజమణి తన ఫోనులో పదకొండు పాటలు రికార్డు చేసింది. ఆ ఏడాదే ఆగస్టులో భూమవ్వ మడిలోనే పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మంచంలో పడుకుని తన గొంతు తానే వినేది.

"మా ఆయన మంచికే చేసిండు టీచరమ్మా. అత్తకు కొత్త పాటలు గిట్ల ఇనిపిద్దామని ఎల్లారెడ్డిల దుకాణంల ఇచ్చిండు. ఇరవై రూపాలకు కార్డు నిండ ఎక్కిస్తరు గదా. ఉన్నయి ఏమైనయంటే, 'ఫార్మాట్ కొట్టిన' అన్నడట."

"అమ్మ విన్నదా?"

"చెవి కాడ పెడితే సినిమా పాట మోగింది. ఎడమ చెయ్యితోని ఇసిరికొట్టింది. ఇయ్యాల్టికి ఆరు రోజులాయె, ఫోను తెస్తే మొఖం తిప్పుకుంటది."

ఫార్మాట్ అంటే కార్డును ఖాళీ చేయడం అనుకుంటారు. నిజానికి చాలాసార్లు అది పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేయడం లాంటిది. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తవి రాస్తే మాత్రం పాతవి పోతాయి. దుకాణంవాడు సినిమా పాటలు ఎక్కించాడు గనుక కొంత పోయే ఉంటుంది. ఎంత అన్నదే ప్రశ్న.

ఈ పనికి మొదటి నియమం ఒకటుంది. పోయినవి ఉన్న కార్డు మీద ఏదీ రాయకూడదు. ముందుగా కార్డుకు అచ్చు నకలు తీసుకోవాలి. దాన్ని ఇమేజ్ అంటాం. పనంతా ఆ నకలు మీదే చేయాలి. ఈ మాట నేను పిల్లలకు ఎన్నోసార్లు బోర్డు మీద రాసి చెప్పాను.

కార్డు రెండు జీబీ. నా కంప్యూటర్‌లో ఖాళీ ఒకటీ పాయింట్ మూడు. తక్కినవి ఇంకా చిన్న డిస్కులు. ఖాళీ ఎందుకు లేదంటే, ఆ మూడు రోజులుగా నేను లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేస్తున్నాను. అంటే మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మారుస్తున్నాను. పాతదానితో కంప్యూటర్ బాగానే నడుస్తోంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అవసరం లేదు. ఆ ఫోల్డరు నాలుగు జీబీ తినేసింది. తీసేయడానికి ఒక్క ఆదేశం చాలు. నా చెయ్యి రాలేదు. మూడు రోజుల పని!

మా వాడకు పన్నెండింటికి కరెంటు కోత. నకలు లేకుండానే కార్డు మీద వెతికే ప్రోగ్రాం నడిపాను. పదకొండూ ముప్పై అయిదుకు జాబితా వచ్చింది.

"ఉన్నయా?" రాజమణి నా భుజం మీదుగా వంగింది.

"తొమ్మిది ఉన్నాయి."

"పదకొండు పాడింది."

"రెంటి మీద సినిమా పాటలు కూర్చున్నాయి. తొమ్మిది తీస్తాను."

అలవాటు కొద్దీ తొమ్మిదింటి సైజులూ నోటుబుక్కులో ఎక్కించాను. ఎక్కడ దాచాలని ప్రోగ్రాం అడిగింది. గడియారం వంక చూస్తూ సరే అని నొక్కాను. కార్డు పెట్టిన రీడరు దీపం మిణుకుమిణుకుమంది. చదివేటప్పుడు అది నిదానంగా వెలుగుతుంది, రాసేటప్పుడు గబగబా వెలుగుతుంది. ప్రోగ్రామును కార్డు ఫోల్డరులోంచే మొదలుపెట్టాను గనుక అది తీసినవాటిని ఆ కార్డు మీదే రాస్తోంది. కార్డు లాగేసేసరికి ముప్పై ఎనిమిది సెకన్లు గడిచాయి.

కెర్నెల్ ఫోల్డరు తీసేశాను. ఒక్క ఆదేశం, రెండు నిమిషాలు. నకలు తీసి, మళ్లీ వెతికించాను. ఎనిమిది. తొమ్మిదింటిలో అన్నిటికంటే పెద్దది లేదు. ఎనిమిదింటినీ డిస్కులో దాచేసరికి పన్నెండు కొట్టింది, కరెంటు పోయింది.

మళ్లీ రెండింటికి గాని రాదు. రాజమణి బెంచీ మీద కూర్చుని డబ్బాలోంచి జొన్నరొట్టె తీసింది. "తిను టీచరమ్మా, పొద్దటి సంది కూసోలేదు నువ్వు."

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను, తలుపు దగ్గరికి వచ్చాను, మళ్లీ కిటికీ. ఆమెకు ఏమీ తెలియదు. మూడు పోయాయి, దుకాణంవాడి పుణ్యం అంటే నమ్ముతుంది. నా నోటుబుక్కులో మాత్రం తొమ్మిది అని ఉంది, దాని కింద ఎనిమిది అని ఉంది. ఒంటిగంట దాటాక ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"రాజమణీ, దుకాణంలో రెండు పోయాయి. మూడోది నా చేతిలో పోయింది. తొందరపడ్డాను. నా పనికిరాని ఫైళ్లు తీసేయడానికి మనసొప్పక నీ కార్డు మీద పని చేశాను."

ఆమె రొట్టె ముక్క డబ్బాలో పెట్టేసింది.

"నువ్వు చెప్పకపోతే నాకేమెరుక? ఎందుకు చెప్పినవ్?"

"లెక్క తప్పుతుంది."

"నీ లెక్క సల్లగుండ! మా అమ్మకు ఏం జెప్పాలె నేను?"

రెండింటికి కరెంటు వచ్చింది. ఎనిమిది పాటలూ వినిపించాను. ఒక్కో పాట మొదలవగానే రాజమణి వేలు మడిచింది. చివరికి పోయినవాటి పేర్లు చెప్పింది. రెండు చిన్నవి, వాటిని తనే పాడగలదు. పెద్దది పొద్దు పాట. రోజులో చివరి మడి నాటేటప్పుడు, చీకటి పడకముందే ముగించాలని పాడేది.

"గదే అమ్మకు పానం," అంది. మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వారం నేను ఏ కంప్యూటర్‌నూ విప్పలేదు. సైజులు రాసిన పేజీ పదే పదే తీశాను. ఆ ఫోను రికార్డింగుల్లో సైజును బట్టి నిడివి కట్టవచ్చు. పొద్దు పాట మూడు వందల పదిహేను సెకన్లు. తక్కిన పాటల్లో ఒక్కో వాక్యానికి, భూమవ్వ పాడటం, గుంపు అందుకోవడం కలిపి, పదిహేను సెకన్లు. అంటే ఇరవై ఒక్క వాక్యాలు. గుంపు అందుకుంది అంటే ప్రతి వాక్యాన్నీ ఆ ఆడవాళ్లు తమ నోటితో పాడారు!

డిసెంబరు 9, ఆదివారం, గుంపును పిలిపించమని రాజమణికి ముందే ఫోను చేసి, ఎల్లారెడ్డి బస్సులో లింగంపేట మీదుగా వాళ్ల ఊరికి వెళ్లాను. వాకిట్లో గుంపు ఆడవాళ్లు ఆరుగురు బీడీ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. భూమవ్వ మంచం వాకిట్లోకే తెచ్చారు. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, పలకరింపుగానూ చూడలేదు.

"పొద్దు పాట అందరికీ వస్తదా?" అని రాజమణి అడిగింది.

"రాక! వందసార్లు పాడినం," అంది సత్తవ్వ. గుంపులో పెద్దది ఆమే. 'పొద్దా పొద్దా జెర ఆగవే, ఇంకొక్క మడి ఉన్నదే' అని ఎత్తుకుంది. నాలుగు వాక్యాలు సాగి ఆగిపోయింది. అక్కడినుంచి తలా ఒక వాక్యం చెప్పారు. అన్నీ ఉన్నాయి, వరస లేదు.

"ఎనుక ఏదొస్తదో భూమక్కకే ఎరుక. మేం ఆమె నోట్లకెల్లి అందుకునుడే గని ముందుగాల పాడింది లేదు," అంది సత్తవ్వ. "ఆఁ, 'బాయికాడి నీడ' అయినంక 'బువ్వ గంప' వస్తది."

టప్‌మని చప్పుడు. భూమవ్వ ఎడమ చెయ్యి మంచం పట్టె మీద పడింది.

అందరం ఆగాం. రాజమణి నెమ్మదిగా అంది: "బాయికాడి నీడ... బురద కాళ్లు?"

చప్పుడు లేదు.

"ఇగో! నోరు పోయినా పెత్తనం పోలే ముసల్దానికి!" సత్తవ్వ నవ్వింది. భూమవ్వ ముఖంలో ఎడమ సగం నవ్వింది.

రెండు గంటలు పట్టింది. తప్పు చెబితే పట్టె మోగేది, ఒప్పైతే ఊరుకునేది. నేను వాక్యాలకు అంకెలు వేస్తూ పోయాను. పదహారో వాక్యం తర్వాత ఏది చెప్పినా పట్టె మోగింది. మిగిలిన నాలుగూ ఒకదాని వెనుక ఒకటి కుదిరాయి, కానీ పదహారుకూ వాటికీ మధ్య అతకలేదు. మొత్తం ఇరవై. నా లెక్క ఇరవై ఒకటి. భూమవ్వ లెక్కా అదే. చూపుడు వేలు ఒకటి ఎత్తి చూపించింది. ఆ వాక్యం ఎవరికీ గుర్తు రాలేదు.

"ఉన్నకాడికి పాడుదాం," అంది రాజమణి. మొదటిసారి ఆమే ముందుండి పాడింది, గుంపు అందుకుంది, నేను రికార్డు చేశాను. పదహారో వాక్యం అయ్యాక రాజమణి ఆగింది. ఎవరూ చెప్పలేదు, అందరూ ఆగారు. ఆ ఖాళీలో భూమవ్వ ఎడమ చెయ్యి మంచం పట్టె మీద నాటు వేగంతో దరువు వేసింది. ఇంటికి వచ్చి కొలిచాను, పదిహేను సెకన్లు.

ఆ రోజునుంచి ఎవరి కార్డు వచ్చినా ముందు నకలు తీస్తాను. నా డిస్కులో ఎప్పుడూ నాలుగు జీబీ ఖాళీ ఉంచుతాను. దాని జోలికి ఏ కెర్నెల్‌నూ రానివ్వలేదు. పొద్దు పాట ఫైలును కూడా చాలాసార్లు తెరిచాను. కోడి కూత తీసేశాను, గాలి చప్పుడు తగ్గించాను, సత్తవ్వ దగ్గు కత్తిరించాను. పదహారో వాక్యం తర్వాతి ఖాళీ తీసేసి రెండు కొసలూ కలపడం నాకు అర నిమిషం పని. ఆ పదిహేను సెకన్లను మాత్రం నేను ముట్టుకోలేదు.