డ్రిల్లు మాస్టారి పిస్తోలు పిడి

2022 డిసెంబరు. జగ్గయ్యపేట బస్టాండు వెనక వీధిలో మా షాపు. కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ స్టవ్వులు బాగుచేస్తాను. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవడం చూసి మొదట్లో అందరూ "మీ ఆయన లేరా అమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళారనీ, ఆయన చేతికి కుక్కరిస్తే విజిలు కూడా మిగలదనీ చెప్పేదాన్ని. ఇప్పుడెవరూ అడగడం లేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం విరిగిన పిడులే కాబట్టి 'పిడుల సలోమి' అంటే చాలు, షాపు చూపిస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆటో దిగి, గుడ్డసంచిలోంచి పిస్తోలు తీసి నా బల్ల మీద పెట్టారు. మిక్సీ జారు కోసం కూర్చున్న ఆవిడ మళ్ళీ వస్తానని చెప్పి చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది. నేను మాత్రం కదల్లేదు. ఆ పిస్తోలు నాకు తెలుసు.

అది స్టార్టర్ గన్, పరుగుపందెం మొదలుపెట్టడానికి పేల్చేది. గుండు ఉండదు. టపాసు మందు కూరిన క్యాప్ పెట్టి మీట నొక్కితే పెద్ద చప్పుడు, కాస్త పొగ, అంతే. క్యాపులు రెండు పట్టేలా ఉంటుంది. మొదటిది పేలకముందే ఎవరైనా ఉరికితే రెండోది పేల్చి అందరినీ ఆపుతారు. పెనుగంచిప్రోలు హైస్కూల్లో చదివేటప్పుడు ఆ చప్పుడుకి రెండు వందల మీటర్లు పరిగెత్తినదాన్ని నేను. పేల్చింది ఈ కోటయ్య మాస్టారే, మా డ్రిల్లు మాస్టారు. పెళ్ళి, పిల్లలు, షాపు, మోకాళ్ళ నొప్పి అన్నీ వచ్చాక కూడా ఎక్కడైనా ఒక టపాసు పేలితే నా కుడి మడమ తనంతట తనే లేస్తుంది. ఒక్కసారి ఆ సున్నం గీత దగ్గరికి వెళ్ళి వంగి నిలబడాలనిపిస్తుంది. ఈ వయసులో ఇదేం కోరికని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పుకోలేదు.

"నేను మాస్టారూ, సలోమిని! రెండొందల మీటర్లు!" అన్నాను.

ఆయన నా మొహంలోకి తేరిపార చూశారు. "నువ్వటే! ఎప్పుడూ గీత తొక్కేదానివి!" అన్నారు, వీధి చివరిదాకా వినబడేలా.

మాస్టారి గొంతు ఎప్పుడూ పెద్దదే కాబట్టి నాకు అనుమానం రాలేదు. లోపల క్యాపులేమైనా ఉన్నాయా అని అడిగితే "జనవరిలోనమ్మాయ్, నందిగామలో" అన్నారు. సరే, పెద్దాయన ధ్యాస ఎక్కడో ఉందనుకుని నేనే విప్పి చూసుకున్నాను. ఖాళీగానే ఉంది. నందిగామలో డివిజన్ ఆటల పోటీలట. మా స్కూల్లో ఇప్పటి డ్రిల్లు మాస్టరు ఒకప్పుడు ఈయన శిష్యుడే. పందేలు మీరే మొదలుపెట్టాలి మాస్టారూ అని పిలిచి, బాగుచేయించమని గన్ను ఇచ్చి పంపాడట.

పిడికి అటూ ఇటూ రెండు బేకలైటు పలకలు. కుక్కర్ పిడి దేంతో చేస్తారో అదే నల్లటి సరుకు. వేడికి కరగదు గానీ కింద పడితే పెంకులా పగులుతుంది. ఎడమ పలక స్క్రూ బెజ్జం దగ్గర్నుంచి కిందిదాకా చీలింది. అడుగున ఒక మూల ఊడిపోయింది.

"కిందటేడు చెయ్యి జారి పడిందమ్మాయ్. ముందెట్లా ఉందో అట్లా కావాలి నాకు. ఇంకేం వద్దు" అన్నారు మాస్టారు.

ఆ మాటకి అసలు అర్థమేంటో అప్పుడు నాకు తెలియలేదు. చూడ్డానికి ముందులా ఉండాలంటున్నారనుకున్నాను. పలక ఊడదీసి, ఏళ్ళ తరబడి పట్టిన చేతి జిడ్డు థిన్నర్‌తో తుడిచాను. జిడ్డు పోకపోతే ఏ జిగురూ నిలవదు. సూపర్ గ్లూ కన్నుమూసి తెరిచేలోగా పట్టేస్తుంది గానీ అదురుకి పుటుక్కున వదిలేస్తుంది. అందుకని ఎపాక్సీ తీశాను. రెండు ట్యూబుల్లో వస్తుంది, ఒకదాంట్లో రెజిన్, రెండోదాంట్లో హార్డెనర్. రెండూ కలిపితేనే గట్టిపడుతుంది. ఊడిన మూలకి టేపుతో అచ్చు కట్టి, పాత కుక్కర్ పిడిని ఆకురాయితో అరగదీసిన పొడి ఎపాక్సీలో కలిపి నింపాను. మర్నాటికి ఆరాక రుద్దితే అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మాస్టారిది పెద్ద వయసు కదా, అదురుకి నొప్పి పుడుతుందేమోనని పలక కింద మెత్తగా సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, చెప్పులకు వాడే రబ్బరు జిగురుతో అతికించాను. గురువుగారికి సేవ చేశానని తెగ మురిసిపోయాను.

తీసుకెళ్ళిన కొన్నాళ్ళకే తిరిగొచ్చారు. మొహం ఎర్రగా ఉంది.

"పేలడం లేదు! పిడి అతికించమంటే పిస్తోలు పాడుచేశావు!"

నాకూ ఒళ్ళు మండింది. "నేను ముట్టుకుంది పిడొక్కటే మాస్టారూ. రండి, చూద్దాం" అని షాపు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళాను.

ఆయన క్యాప్ పెట్టి, చెయ్యి పైకెత్తి నొక్కారు. ఢామ్మని పేలింది. రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. టీ హోటలాయన గరిట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా మడమ లేచింది.

మాస్టారు చెయ్యి దించి నా మొహంలోకి చూశారు.

"పేలిందా?"

పేలిందని తలాడించాను. ఆయన అక్కడున్న పాత స్టవ్వు మీద కూలబడ్డారు.

"రెండు చెవులూ పోయినయ్యమ్మాయ్. మిషను పెడితే గోలే తప్ప మాట తెలీదు. ఇంట్లో తెలుసు, గ్రౌండులో ఎవరికీ చెప్పలా." బొటనవేలి మొదలు చూపించారు. "పేలితే ఇక్కడ జివ్వుమంటది. దాంతోనే నెట్టుకొస్తున్నా. కిందటేడు పందేనికి ముందే గన్ను పడి పిడి చీలింది. పేలినా చేతికి అదురు తగల్లా. పేలకుండానే పిల్లలు ఉరికారనుకుని ఆపటానికి రెండోది పేల్చా."

నేను ఆయనకి కనపడేలా పెదాలు కదిపి, "పొగ చూడొచ్చుగా మాస్టారూ?" అన్నాను.

"చెయ్యి పైనుంటది. కళ్ళు మీ కాళ్ళ మీదుంటయి." గన్ను ఒళ్ళో పెట్టుకున్నారు. "అందరికన్నా ముందున్న పిల్ల ఆగిపోయి, వెనక్కి తిరిగి నా వంక చూసింది. మళ్ళీ పరిగెత్తిస్తే ఓపికలేక వెనకబడింది. ఆ చూపు నన్ను వదలట్లేదు. ఈసారీ అట్లాగే అయితే ఇక గ్రౌండు మొహం చూడను. కానీ చూడకుండా ఉండలేకపోతున్నానే, ఏం చెయ్యను?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసం కొంత, ఆ గీత దగ్గరికి మళ్ళీ వెళ్ళలేని నా కోసం కొంత. పిడికి నేను పెట్టిన మెత్త ఆయనకి మిగిలిన ఆ ఒక్క దారినీ మూసేసింది.

ట్యూబు ముక్క పీకేసి, రబ్బరు జిగురంతా గీకేశాను. ఇనుముకి అంటుకోకుండా నూనె రాసి, పలక లోపలి వైపు ఎపాక్సీ పరిచి స్క్రూ బిగించాను. ఆరేసరికి పలకకీ ఇనుముకీ మధ్య వెంట్రుక దూరే సందు కూడా లేదు. మాస్టారికి ఖాళీ గన్ను ఇచ్చి కళ్ళు మూసుకోమన్నాను. గొట్టం మీద స్క్రూడ్రైవర్‌తో తట్టాను.

"కొట్టావు" అన్నారు. ఆగి మళ్ళీ తట్టాను. "మళ్ళీ కొట్టావు." తట్టకుండా ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నారు. కళ్ళు తెరిచాక చూడాలి ఆ నవ్వు.

జనవరిలో షాపు మూసి నందిగామ వెళ్ళాను. ఆడపిల్లల రెండు వందల మీటర్లు. తెల్లగా సున్నం గీత, దాని వెనక వంగిన పిల్లలు. వాళ్ళలో నేను లేను. మాస్టారు చెయ్యెత్తారు. పేలింది. ఆయన ఎవరి మొహంలోకీ చూడలేదు. రెండోది పేల్చలేదు. పిల్లలు మలుపు తిరిగి చివరి గీత దాటేదాకా అలాగే నిలబడ్డారు.

తర్వాత నా దగ్గరికి వచ్చి "పేలింది" అన్నారు. అడగడం కాదు, చెప్పడం. గన్ను సంచిలో పెట్టుకుని, మెల్లగా, "కాళ్ళ చప్పుడు ఎట్లా ఉందమ్మాయ్? అది వినక చానా రోజులైంది" అన్నారు.

ఆయన చెయ్యి అందుకుని, బొటనవేలి మొదట్లో నా వేళ్ళతో వాయించాను. మొదట అందరి కాళ్ళూ కలిసి, గజిబిజిగా, గబగబా. మలుపు దగ్గర కొన్ని వెనకబడ్డాయి. చివరికి ఒక్క పిల్ల కాళ్ళే మిగిలాయి. ఆగకుండా, వెనక్కి చూడకుండా గీత దాటాయి. మాస్టారు కళ్ళు తుడుచుకుని ఇంకో పందెం మొదలుపెట్టడానికి వెళ్ళారు.

పిడి బాగుచేయడమంటే పగులు కనపడకుండా చేయడమేనని అన్నేళ్ళూ అనుకున్నాను. పట్టుకున్న చేతికి అది ఏం అందిస్తోందో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఎవరు ఏ పిడి తెచ్చినా, జిగురు తీయకముందే ఒకసారి పట్టుకుని చూపించమంటాను. కుక్కరుకి ఇంత తంతా అని విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. అయినా పట్టుకోమంటాను.