చైర్మన్ బండ

మొన్న సోమవారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే కార్పొరేషన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కౌన్సిల్ హాలుకు కొత్తగా రంగులు వేశారట. ఊరు మునిసిపాలిటీగా ఉన్నప్పటి చైర్మన్లవీ, కార్పొరేషన్ అయ్యాక వచ్చిన మేయర్లవీ ఫొటోలన్నీ ఒకే వరుసలో పెట్టి, ఒక్కో ఫొటో కింద ఊరికి వాళ్ళు చేసిన పనేమిటో ఒక ముక్క రాయిస్తారట. "మీ పెదనాయన ఫొటో దొరికింది మేడమ్, పనే దొరకలేదు. యాడన్నా శిలాఫలకం ఉంటే ఫొటో తీసి శుక్రవారం లోపల పంపించండి. లేకుంటే ఉత్త పేరు వేసేస్తాం" అన్నాడు క్లర్కు. నా ఫోను చెవికి ఆనించుకున్నా వీధి చివరిదాకా వినిపిస్తుంది. పక్కన కూర్చుని తింటున్న మా పెద్దమ్మ, అంటే ఆ పెదనాయన భార్యే, దోసె తుంచడం ఆపేసింది. "ఉత్త పేరా? ఏం మే, ఆయన ఆడ కూర్చోని ఈగలు తోలినాడంటనా?" అంది. ఎనభై దాటిన మనిషి. ఆ దోసె మళ్ళీ ముట్టుకోలేదు.

నిజం చెప్పొద్దూ, క్లర్కు తప్పేమీ లేదు. మా ఊళ్ళో పదవి చేసినవాళ్ళంతా రాళ్ళ మీద పేర్లు చెక్కించుకునే పోయారు. ఒకాయన కట్టించిన బస్సు షెల్టరు మీద ఊరి పేరు కంటే ఆయన పేరే పెద్దది. ఇంకొకాయన పార్కుకు ఎంత ఆర్చి పెట్టించాడంటే, లోపలికి వెళ్ళాక పార్కును వెతుక్కోవాలి. అయినా సాయంత్రం పూట నేను నడిచేది అందులోనే కాబట్టి నోరు మూసుకుంటాను. మా పెదనాయన పేరు మాత్రం ఏ గోడ మీదా కనబడదు. ఆయన బెల్లం మండీ నడిపేవాడు. ముద్ద చేతిలోకి తీసుకుని వాసన చూశాడంటే అది ఏ ఊరి గానుగదో చెప్పేసేవాడు. నగరి నేత పంచె, భుజాన తువ్వాలు, అడిగితే రెండు ముక్కలు, అంతే. నలుగురూ బలవంతం చేస్తే కౌన్సిలరుగా నిలబడ్డాడు. కుర్చీ కోసం ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకుంటుంటే మధ్యలో ఈయన చైర్మన్ అయి కూర్చున్నాడు.

ఊరికి ఉత్తరాన మెరక మీద గుట్టవీధి ఉంది. అక్కడి ఆడవాళ్ళు రోజూ కిందికి దిగొచ్చి, నిండు కడవలతో మళ్ళీ ఆ ఎత్తు ఎక్కేవాళ్ళు. ఆ వీధికి కొళాయి వేయిస్తానని పెదనాయన మాటిచ్చాడు, వేయించాడు. ప్రారంభం రోజు మేళం, షామియానా, మైసూరుపాకు. కార్వేటినగరం నుంచి వచ్చిన పనివాడు చెక్కిన శిలాఫలకం. ఆ పనివాడెంత శ్రద్ధగల మనిషో కానీ, ఎవరూ చూడని వెనకవైపు కూడా నున్నగా తీశాడు. మొదటి చెంబు నీళ్ళు చైర్మన్ తాగడం ఆనవాయితీ. పెదనాయన తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "తియ్యగా ఉండాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున కల్లాపి చల్లడానికి పెద్దమ్మ తలుపు తీస్తే, గడప ముందు నుంచి వీధి మలుపు దాకా ఖాళీ కడవలు వరుసగా పెట్టి ఉన్నాయి. మనిషి లేడు, అరుపు లేదు, ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేదని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. సంగతేమిటంటే, కొత్త పైపులో నీళ్ళు ఆ మెరక ఎక్కనేలేదు. ప్రారంభం రోజు పరువు పోకూడదని కింది ఉద్యోగులు ట్యాంకర్లు తోలించి పైన తొట్టి నింపారు. ఆ నీళ్ళు సాయంత్రానికే అయిపోయాయి. పెదనాయన ఎవరినీ కోప్పడలేదు. "షామియానా కట్టినారా అని అడిగితిని, మేళం వచ్చిందా అని అడిగితిని. నీళ్ళు ఎక్కినాయా అని మాత్రం అడగలా. తప్పు నాదే" అన్నాడు. గడ్డపార తీసుకుని గుట్టవీధికి వెళ్ళి, తన పేరున్న రాయిని తానే పెకలించి, అక్షరాలు నేలకేసి కొళాయి పక్కన పడుకోబెట్టాడు. "నీళ్ళు వచ్చినంక నిలబెడదాం" అని ఆ వీధివాళ్ళకు చెప్పి వచ్చేశాడు.

ఇక మండీ పని బావమరిదికి అప్పజెప్పి, ఇంజినీర్ల వెంటపడ్డాడు. పెద్ద మోటారు పెట్టించేసరికి, నీళ్ళు నిజంగా పైకి ఎక్కేసరికి ఏడాది దాటింది. అప్పుడు రాయి నిలబెట్టడానికి మనుషుల్ని తీసుకుని వెళితే ఆడవాళ్ళు అడ్డం పడ్డారట. "ఉతుక్కునేదానికి ఇంత నున్నటి బండ మాకు యాడ దొరుకుతాది సామీ, ఎత్తొద్దు" అన్నారట. ఆయన నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. తరువాతి ఎన్నికల్లో ఓడిపోయి, బతికినన్నాళ్ళూ బెల్లం వాసన చూసుకుంటూ హాయిగా ఉన్నాడు.

బుధవారం పెద్దమ్మనూ నన్నూ ఆటో గుట్టవీధిలో దించింది. బండ అక్కడే ఉంది. మధ్యలో కాస్త గుంటపడింది. యాభై ఏళ్ళ మనిషి ఒకామె దాని మీద దుప్పటి ఉతుకుతోంది. ఈ బండ సంగతి తెలుసా అని అడిగాను. "ఇది చైర్మన్ బండ గదక్కా. మా అత్త అట్లే అనేది, మేమూ అంటాము. ఎవురా చైర్మనో ఏం కథో, మాకు తెలీదు" అంది. నాలుగు గడ్డపారలు తెప్పిస్తే తిరగబడుతుంది, కింద పెదనాయన పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది. నాకైతే మనసు ఉవ్విళ్ళూరింది. "తిప్పించమంటావా పెద్దమ్మా?" అన్నాను. "వద్దులే మే. ఆయమ్మ సగం ఉతికి ఉండాది, ఉతుక్కోనీ" అంది. తరువాత వంగి, కొళాయి కింద దోసిలి పట్టి తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "తియ్యగా ఉండాయి" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

అక్కడినుంచే క్లర్కుకు ఫోన్ కలిపించి తనే మాట్లాడింది. "కొళాయి ముందు తెరిచినాడు, నీళ్ళు తర్వాత తెచ్చినాడు అని రాసుకో నాయనా. ఉన్నదున్నట్టు రాయి. రుజువు కావాలంటే గుట్టవీధికొచ్చి చైర్మన్ బండ యాడ అని అడుగు, ఎవురైనా చూపిస్తారు" అంది. శుక్రవారం అతనే ఫోన్ చేశాడు. వచ్చి చూశాడట, దుప్పటి ఉతికిన ఆ ఇల్లాలిని అడిగాడట, పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే రాయించాడట. ఆ పూట పెద్దమ్మ మూడు దోసెలు తింది. తియ్యగా ఉండాయని పెదనాయన తొందరపడి అన్న ఆ ఒక్క మాట నిజం కావడానికి ఏడాది పట్టింది, అది మా ఇంటికి తిరిగి రావడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.