బోణీ కాకముందు వచ్చిన కమిటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. యూనివర్సిటీలో ఆ సంగతి బయటపడకుండా చాలాకాలం నెట్టుకొచ్చాను. పరిశోధన చేసే విద్యార్థికి గైడు ముందు కోపం ఉండకూడదు, ఆఫీసు గుమాస్తా ముందు అసలే ఉండకూడదు, డబ్బులిచ్చే కమిటీ ముందైతే ముక్కే ఉండకూడదు.

నేను చదివేది సమాజశాస్త్రం. ఆరోగ్యానికి సంబంధించిన విషయం మీద రెండు వేర్వేరు శాఖలు కలిసి పనిచేస్తే, పరిశోధక విద్యార్థులకు యూనివర్సిటీయే ఖర్చులు భరించే పథకం ఒకటి మొదలైతే నేనూ అర్జీ పెట్టాను. ఒక గైడు మా శాఖ ప్రొఫెసరమ్మ. సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో ఉంటారు, ఎవరితోనూ పేచీ పడరు, పడనివ్వరు. రెండో గైడు కిడ్నీల డాక్టరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, విద్యార్థులను కూడా ‘అండీ’ అనే పిలుస్తారు.

నేను ఎత్తుకున్న ప్రశ్న చిన్నది. సికింద్రాబాద్ స్టేషన్‌కు ఇవతల మార్కెట్ సందుల్లో పొద్దంతా నేల మీద కూర్చుని కూరగాయలు అమ్మే ఆడవాళ్లు నీళ్లు ఎందుకు తాగరు? తాగకపోతే వాళ్ల కిడ్నీలు ఏమవుతాయి? మొదటి సగం నాది, రెండో సగం డాక్టరుగారిది. మొదటి సగానికి జవాబు ఆ వరుసలో ఎవరినడిగినా చెబుతారు. తాగితే ఒంటికి పోవాలి, పోదామంటే చోటు లేదు. అయితే దాన్ని నలుగురూ ఒప్పుకోవాలంటే పరీక్షలు జరగాలి, పరీక్షలకు డబ్బు కావాలి.

మొదటి విడత వచ్చింది, ఖర్చయింది. రెండో విడత రాకపోతే పరీక్షలు సగంలో ఆగిపోతాయి, నా చదువూ ఆగిపోతుంది. అంతకంటే నన్ను పీకుతున్నది మరొకటి. ఎవరి రిపోర్టు వాళ్ల చేతిలో పెడతానని ఆ ఆడవాళ్లందరికీ మాటిచ్చాను. ఆ మాట నమ్మబట్టే వాళ్లు ఇంటి దగ్గర పొద్దున్నే సీసాలో మూత్రం పట్టి, కొంగు చాటున దాచి తెచ్చి, బేరాలు సద్దుమణిగాక నాకు ఇచ్చేవాళ్లు.

కమిటీ పెద్దాయనకు అక్కడే అనుమానం వచ్చింది. ఆయన రిటైరైన శాస్త్రవేత్త. కళ్లద్దాలు ముక్కు చివరికి దించి అడిగారు.

“ఇంటి నుంచి తెచ్చిన సీసాలో ఎవరిది ఉందో మీకెలా తెలుసు? కోడలిది కావచ్చు, మనవరాలిది కావచ్చు. మా కళ్ల ముందు సీసా తీసుకెళ్లి, మా కళ్ల ముందు తెచ్చివ్వాలి. అప్పుడు చూద్దాం రెండో విడత సంగతి.”

సరేనన్నాను. అయితే ఆయనకు వేరే మీటింగు ఉందట, పొద్దున్నే వచ్చి చూసి వెళ్లిపోతామన్నారు.

“సార్, ఆ టైముకు వాళ్లకు బోణీ కాదు,” అన్నాను.

మా నాన్నది గాజుల కొట్టు. ఆ రోజు మొదటి బేరం పడేదాకా పక్క కొట్టువాళ్లకు చిల్లర కూడా ఇచ్చేవాడు కాదు. బోణీ కాకముందు చేతి నుంచి ఏదైనా వెళ్లిపోతే ఆ రోజంతా అలాగే వెళ్లిపోతూనే ఉంటుందని మా బజారు నమ్మకం. నేను నమ్ముతానా అంటే చెప్పలేను. కానీ నమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు లెక్కచేయాలి కదా.

“మీరు రీసెర్చ్ చేస్తున్నారా, సోది చెబుతున్నారా?” అన్నారు పెద్దాయన. బల్ల చుట్టూ నవ్వారు. నేను నోరు తెరిచేలోపు మా ప్రొఫెసరమ్మ బల్ల కింద నా కాలు తొక్కారు. పెద్దాయన పక్కన కూర్చున్న ఫైనాన్స్ ఆఫీసర్ మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆవిడ దేనికీ నవ్వరని, ఆవిడ సంతకం లేనిదే పైసా కదలదని యూనివర్సిటీ అంతా అనుకునేది.

కమిటీ వస్తానన్న రోజు పద్మారావు నగర్ నుంచి ఆటో ఎక్కేటప్పుడే ముసురు పట్టి ఉంది. మార్కెట్లో సరుకు దిగింది గానీ కొనేవాళ్లు లేరు. ఆడవాళ్లు గోనెపట్టాలు పరిచి, కూరల మీద నీళ్లు చల్లుకుంటూ కూర్చున్నారు. వరుస మొదట్లో ఆకుకూరలమ్మే పెద్దావిడ ఉంటుంది. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. ఆమె సరే అంటేనే మిగతావాళ్లు కదులుతారు.

“గిదేంది బిడ్డా, పొద్దుగాలనే దిగినవ్?”

“యూనివర్సిటీ సార్లు వస్తున్నరు పెద్దమ్మా. వాళ్ల ముందట సీసా ఇయ్యాలె.”

“ఇస్త తియ్. బోణి గానీ.”

“జల్ది పోతరట.”

“పోతే పోనీ. బోణి గాకముందు ఏం ఇయ్యొద్దని నీకు తెల్వదా? బజార్ల పుట్టిన పిల్లవు.”

నేను తోటకూర కట్ట మీద చేయి వేశాను. ఆమె నా చేయి నెట్టేసింది. “నీది వద్దు బిడ్డా. పని వడి కొన్నది బోణి గాదు. కూర కావాలని వచ్చినోళ్లు కొనాలె.”

అవతల నలుగురికి ఖాళీ సీసాలు ఇచ్చానో లేదో, కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. పెద్దాయన, ఫైనాన్స్ మేడమ్, డాక్టరుగారు దిగారు. మా ప్రొఫెసరమ్మ రాలేదు, ఆవిడకు క్లాసు ఉందట. నేను డాక్టరుగారి దగ్గరకు పరిగెత్తి, ఇంకా బోణీ కాలేదని చెవిలో వేశాను. ఆయన ముఖం మారింది. ఏదో అనబోయారు గానీ పెద్దాయన అప్పటికే పెద్దమ్మ ముందు నిలబడి ఉన్నారు.

“పుదీనా బాగుందే! కట్ట ఎంత?”

పెద్దమ్మ ముఖం వెలిగింది. “పది రూపాలు సారు. బోణి బేరం, కాదనకు.”

“పదా? మా వీధిలో ఐదుకిస్తారు.”

“ఎనిమిదియ్యి సారు. పొద్దుగాల నీ చేతుల కెల్లి కానీ.”

ఆయన కట్ట తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు, ఆకు గిల్లి వాసన చూశారు. “వద్దులే, ఇంట్లో ఉన్నట్టుంది,” అని కింద పెట్టి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగారు. “ఊఁ, షురూ చేద్దామా?”

పచ్చిమిర్చి తూకం వేసే ఆవిడ తక్కెడ చేతిలోనే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. బోణీ బేరం చేసి కొనకుండా పోవడం కంటే పెద్ద కీడు మా బజార్లో మరొకటి లేదు.

“గదేంది సారు!” పెద్దమ్మ లేచి నిలబడింది. “చేతుల వట్టి, గిచ్చి, వాసన జూసి కింద పెట్టి పోతవా? ఇగ నా దినమంతా గిట్లనే పోతది! ఏం సీసలు లెవ్వు, ఏం లెవ్వు. పోండ్రి!”

అవతల నలుగురు కూడా కొంగుల్లోని ఖాళీ సీసాలు తీసి నా కాళ్ల దగ్గర పెట్టేశారు.

పెద్దాయన ముఖం కందగడ్డలా అయింది. “ఇదేనా మీ ఫీల్డు? ఇదేనా సహకారం? మేడమ్, రాసుకోండి. క్షేత్రంలో సహకారం లేదు, కొనసాగించనక్కర్లేదు.”

మేడమ్ బ్యాగులోంచి పెన్ను తీశారు. ఇన్నాళ్ల తిరుగుడు, ఇన్ని సీసాలు, ఇంతమందికి ఇచ్చిన మాట, అంతా ఒక పుదీనా కట్ట దగ్గర తెగిపోతోంది. భయం వేసింది. భయం వేస్తే నాకు ముందు వచ్చేది కోపమే.

“సార్, వెనక్కి వెళ్లి ఆ పుదీనా కొనండి.”

“ఏమిటీ?”

“బేరం చేయకుండా, ఆమె చెప్పిన ధరకే కొనండి. మీరు కొంటేనే ఆమెకు బోణీ అవుతుంది. మీ వల్ల చెడింది, మీ చేత్తోనే కావాలి.”

అన్నాక గానీ ఎవరితో అన్నానో తెలియలేదు. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. నేను చూపు దించలేదు. దించితే ఏడ్చేస్తానని నాకు తెలుసు.

అప్పుడు డాక్టరుగారు నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. “మా నాన్నగారిది బట్టల కొట్టండీ. బోణీ బేరానికి బట్టల తాను విప్పించి కొనకుండా వెళ్లిపోయినవాళ్ల కోసం గుమాస్తాని వీధి చివరిదాకా పరిగెత్తించేవారు. కాళ్లావేళ్లా పడి వెనక్కి తీసుకొచ్చేవాడు. రండి సార్, ఒక్క కట్టే కదా.”

పెద్దాయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత ఏమనుకున్నారో, వెళ్లి పది రూపాయల నోటు చాపారు. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, గంపకు తాకించింది. పుదీనా కట్ట మీద కొసరుగా నాలుగు కొత్తిమీర కాడలు పెట్టింది.

“కోపం జేస్కోకు సారు. ఇగ తే బిడ్డా, సీస తే.”

సీసా చెంగులో చుట్టుకుంది. “సారు, జెర గంప చూస్కోరి. ఆవులొస్తయ్,” అని ఆయనకే అప్పజెప్పి, మెయిన్ రోడ్డు వైపు నడిచింది. మార్కెట్‌కు దగ్గర్లో ఆడవాళ్లు వెళ్లడానికి ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే, దానికి రోడ్డు దాటి బస్సులాగే చోటు దాకా వెళ్లాలి.

మేము ఎదురుచూశాం. ముసురు తగ్గింది, జనం పెరిగారు. ఒకావిడ వచ్చి పెద్దాయనను తోటకూర ఎట్లా అని అడిగింది. ఆయన డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారే ముందుకు వచ్చి ఒక ధర చెప్పారు. ఆవిడ మూతి విరిచి వెళ్లిపోయింది. పెద్దాయన వాచీ చూసుకున్నారు, మళ్లీ చూసుకున్నారు.

“ఒక్క సీసాకు ఇంతసేపా? ఇలాగైతే మీ పని ఎప్పటికి తెములుతుంది?”

జవాబు నా పళ్ల దాకా వచ్చింది. ఆ ‘ఇంతసేపు’ గురించే సార్ నేను చదువుతున్నది, అందామనుకున్నాను. అప్పుడు నా మోచేతిని ఎవరో తాకారు. ఫైనాన్స్ మేడమ్.

“ఇక్కడ ఎక్కడికి వెళ్లాలమ్మా?” అన్నారు, నాకొక్కదానికే వినబడేలా.

ఇద్దరం రోడ్డు దాటాం. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వేగంగా నడిచారు. తీరా చూస్తే ఆడవాళ్ల వైపు ఒక్క తలుపే తెరిచి ఉంది. దాని ముందు సందు దాకా వరుస. వరుసలో పెద్దమ్మ ఇంకా నిలబడే ఉంది.

మమ్మల్ని చూసి ఆమెకు విషయం అర్థమైంది. పక్కకు జరిగి మేడమ్‌కు చోటిచ్చింది. “నువ్వు ముందుగాల పో మేడమ్. నీకు అలవాటుండదు. మాకు ఆపుకునుడు అలవాటే.”

“నాకూ అలవాటేనమ్మా,” అన్నారు మేడమ్.

పెద్దమ్మ ఆవిడను పైనుంచి కింది దాకా చూసింది. “నీకెందుకు? ఆఫీసున్నది గద. అండ్ల బాత్‌రూమ్ లేదా?”

“ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దానికి తాళం వేసి ఉంచేవాళ్లు. తాళంచెవి ప్యూన్ దగ్గర ఉండేది. అంతమంది మగవాళ్ల ముందు లేచి వెళ్లి అడగాలంటే సిగ్గేసేది. నీళ్లు తాగడం మానేశాను.” ఆవిడ కుచ్చెళ్లు సర్దుకున్నారు. “ఇప్పుడు తాళం లేదు. కానీ దాహమే వేయదు.”

“దూప సచ్చిపోతది మేడమ్. నాకూ గంతే,” అంది పెద్దమ్మ. మేడమ్ చేయి పట్టుకుని తన ముందు నిలబెట్టుకుంది.

వరుస కదిలింది. తలుపు దాకా వచ్చాక మేడమ్ నా వైపు తిరిగారు. “ఇంకో సీసా ఉందా నీ దగ్గర?”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాగులో వెతికి సీసా ఇచ్చాను.

“దీని మీద పేరు రాయాలా?”

“వద్దు మేడమ్. నంబరే. ఎవరిదో నాకు తప్ప తెలియదు.”

ఆవిడ తలూపి లోపలికి వెళ్లారు. ముగ్గురం తిరిగి మార్కెట్‌కు వచ్చి, పెద్దమ్మ అందరి ముందూ సీసా నా చేతికిచ్చేసరికి పెద్దాయన ఇంత ఆలస్యమేమిటని విసుక్కున్నారు. “అవుతుంది సార్,” అన్నారు మేడమ్. “నేను చూసొచ్చాను. రెండో విడత ఆపడానికి నేను సంతకం పెట్టను.” పెద్దాయన ఆవిడను ఆశ్చర్యంగా చూశారు. పుదీనా కట్ట చేత్తో పట్టుకునే కారెక్కారు.

డబ్బు విడుదలైంది. పరీక్షలు జరిగాయి. కొన్నాళ్లకు డాక్టరుగారు తన గదికి రమ్మన్నారు. వెళ్లేసరికి ఫలితాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

“మిగతావి పరవాలేదండీ. ఈ రెండింటికి మాత్రం మళ్లీ చేయించాలి. ఆలస్యం చేయొద్దు.” రెండు నంబర్ల మీద వేలు పెట్టారు. “పక్కపక్క నంబర్లు. వీళ్లిద్దరూ ఒకే చోట కూర్చుని అమ్ముతారాండీ?”

నేను ఆ నంబర్లు చూశాను.

“కూర్చోరండీ,” అన్నాను. “ఒకే వరుసలో నిలబడతారు.”

ఆయనకు అర్థం కాలేదు, నేను చెప్పలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఇద్దరిలో ముందు ఎవరికి ఫోన్ చేయాలో తేలక, ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.